పుర ఊరి పేడ లెక్క

మా జిల్లా తుమకూరు. మా పావగడ వైపు ఇళ్లల్లో తెలుగే మాట్లాడతాం. అదే జిల్లాలో, కుణిగల్ తాలూకాలో పుర అని ఒక చిన్న ఊరుంది. గోబర్ గ్యాస్ చరిత్రలో ఆ ఊరి పేరు వస్తుందని ఈ వ్యాసం కోసం చదివేదాకా నాకు తెలియదు.

1960లలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఇంటింటి గోబర్ గ్యాస్‌ను పల్లెలకు తీసుకెళ్లింది. కానీ అది నాలుగైదు పశువులున్న ఇళ్లకే కుదిరేది. ఒక్క ఆవు ఉన్నవాళ్ల సంగతేంటి? బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో 'అస్త్ర' అనే విభాగం మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది అమూల్య కె.ఎన్. రెడ్డిగారు. వాళ్లు పురలో ఊరందరికీ కలిపి ప్లాంటు కట్టారు. మొదట వంటకు గ్యాసు ఇద్దామనుకున్నారు గానీ, అందరి పొయ్యిలకూ సరిపడా పేడ రాలేదు. తర్వాత 1987 నుంచి అదే గ్యాసుతో ఇంజను నడిపి కరెంటు తీశారు. ఇళ్లల్లో దీపాలు వెలిగాయి, బోరు నీళ్లు కొళాయిలకు వచ్చాయి.

ఇదంతా చెప్తే మా అవ్వ, "పేడంతా ఆళ్లకిచ్చేస్తే మన దిబ్బకేం మిగల్తాది?" అనింది. నేను నవ్వాను. కానీ అసలు ప్రశ్న అదే.

పేడ పులిసినప్పుడు గ్యాసుగా పోయేది ముఖ్యంగా కర్బనం. నత్రజని, భాస్వరం, పొటాష్ మిగిలిన స్లర్రీలోనే ఉంటాయి. చిక్కంతా నీళ్లతోనే. పేడలో దాదాపు అంతే నీళ్లు కలిపి పోస్తారు కాబట్టి, బయటికి వచ్చే స్లర్రీ పల్చగా ఉంటుంది. తట్టలో ఎత్తుకుపోలేం. ఎండబెడదామా అంటే నత్రజనిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

అందుకని పురలో ఇసుక పరిచిన మడుల మీద దాన్ని పోశారు. నీళ్లు కిందికి దిగితే పైన మిగిలేది మళ్లీ పేడలాగే గట్టిగా ఉంటుంది. ఎవరింటి నుంచి ఎంత పేడ వచ్చిందో ఆ లెక్కన ఎరువు తిరిగి ఆ ఇంటికే. పేడ తెచ్చినందుకు కిలోకు 2 పైసలు కూడా ఇచ్చేవారు. కిందికి దిగిన నీళ్లు తాగేవి కావు. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు వాటిలో ఉంటాయి గనుక, పాలకు మజ్జిగ తోడు వేసినట్టు, ఆ నీళ్లనే మళ్లీ కొత్త పేడలో కలిపేవారు. ఆ మేరకు మంచినీళ్లు మిగిలినట్టే. మా పావగడ లాంటి కరువు తాలూకా వాళ్లకు అది చిన్న విషయం కాదు.

చాలామంది ఇంజను గురించి, దీపాల గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ ఇసుక మడులే పెద్దగా కనిపించాయి.

మళ్లీ వెళ్లి అవ్వకు ఈ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "తూకమేసి ఇస్తారా?" అని అడిగింది.