బైబిలు కవిత్వంలో ప్రేమ, దాంపత్యం

పాత నిబంధనలో స్త్రీపురుషుల ప్రేమ కోసమే రాసిన పుస్తకం పరమగీతము. ఎనిమిది అధ్యాయాలు, 117 వచనాల ఈ చిన్న కావ్యం సొలొమోను రచన అని సంప్రదాయం చెబుతుంది. అందులోని భాషను బట్టి, ఆయన తరువాత చాలాకాలానికి ఇది ఇప్పటి రూపం పొందిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కుమ్రాను గుహల్లో దీని నాలుగు ప్రతుల శకలాలు దొరికాయి.

కావ్యమంతా సంభాషణ. అందులో స్త్రీ గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. అన్నలు ద్రాక్షతోటకు కాపలా పెట్టగా ఎండకు నల్లబడిన యువతి తన అందాన్ని తానే ధైర్యంగా చెప్పుకుంటుంది. రాత్రివేళ ప్రియుణ్ని వెదుకుతూ వీధుల్లో తిరిగి కావలివారి చేత దెబ్బలు తింటుంది. ప్రియుడికి ఆమె కురులు గిలాదు కొండ దిగే మేకలమందలా కనిపిస్తాయి. అతడామెను సోదరి అని పిలుస్తాడు. క్రీ.పూ. 13, 12 శతాబ్దాల నాటి ఐగుప్తు ప్రేమగీతాల్లోనూ ఈ పిలుపు ఉంది. ప్రేమ మృత్యువుకు సాటివచ్చే శక్తి అనీ, ఎంత ఆస్తి పోసినా దొరకదనీ చెప్పే చివరి అధ్యాయం కావ్యానికి శిఖరం.

పెళ్లి తరువాతి జీవితాన్ని ఇతర గ్రంథాలు పాడాయి. 45వ కీర్తన రాజుగారి పెళ్లిపాట. పుట్టింటిని విడిచి వచ్చే వధువుకు అందులో హితవు ఉంది. 128వ కీర్తనలో భార్య కాపుకొచ్చిన ద్రాక్షతీగ, పిల్లలు భోజనపు బల్ల చుట్టూ ఒలీవ మొక్కలు. యౌవనంలో చేపట్టిన భార్యలోనే ఆనందం వెదుక్కోమని సామెతల అయిదో అధ్యాయం భర్తకు బోధిస్తుంది. అదే గ్రంథం చివరన హెబ్రీ అక్షరమాల వరుసలో సాగే 22 వచనాలు ఇల్లాలి శ్రమను కొనియాడతాయి. క్షణికమైన బతుకులో ప్రియమైన భార్యతో సుఖంగా జీవించడమే మనిషి కష్టానికి దక్కే భాగమని ప్రసంగి అంటాడు. దేశం పాడవడమంటే వధూవరుల స్వరాలు ఆగిపోవడమేనని, అది మళ్లీ నిలబడితే ఆ స్వరాలు తిరిగి వినిపిస్తాయని యిర్మీయా చెబుతాడు.

దేవునికీ ఇశ్రాయేలుకూ ఉన్న నిబంధనను హోషేయ, యెషయా దాంపత్యంగా చిత్రించారు. పరమగీతాన్ని కూడా ఆ దృష్టితోనే చదవడం మొదలైంది. రెండో శతాబ్దపు తొలినాళ్లలో రబ్బీ అకీబా దాని పవిత్రతను గట్టిగా సమర్థించాడు. మూడో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి ఒరిగెను అందులో క్రీస్తునూ సంఘాన్నీ చూశాడు. 12వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసి బెర్నార్డు దానిపై 86 ప్రసంగాలు రాసి కూడా మొదటి రెండు అధ్యాయాలు దాటి ఎంతో దూరం వెళ్లలేదు.

ప్రేమను ప్రేమగా పాడడం, దాన్ని భక్తిగా చదవడం అనే ఈ రెండు దారులూ తెలుగు పాఠకుడికి పరిచితమే. హాలుని గాథాసప్తశతి పల్లె ప్రేమను ప్రేమగానే పాడింది. అన్నమయ్య (1408–1503) శృంగార సంకీర్తనల్లో నాయిక విరహమే భక్తి అయింది.

ఇక బైబిలు తెలుగులోకి వచ్చిన తీరు చూస్తే, 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్‌ల అనువాద కృషికి ఆనందరాయరు తోడయ్యాడు. దాని తొలి ఫలంగా 1812లో శ్రీరాంపురంలో మూడు సువార్తలు అచ్చయ్యాయి. పాత నిబంధన కవిత్వంతో సహా మొత్తం బైబిలు తెలుగులో రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

తెలుగు క్రైస్తవుల పెళ్లిలో మంగళసూత్రం, ఉంగరాలు, పాస్టరుగారి ప్రార్థన ఒకచోట కలుస్తాయి. ఆదికాండము రెండో అధ్యాయం, 128వ కీర్తన, ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆ సందర్భానికి తగిన పాఠాలు. పరమగీతము సాధారణంగా పెండ్లికుమారుడైన క్రీస్తు గురించిన ప్రసంగాల్లో వినిపిస్తుంది. ఆ ఆధ్యాత్మిక అర్థం నిలబడేది మానవ ప్రేమ మీదనే. భార్యాభర్తల అనురాగానికి విలువ లేని సమాజంలో దేవుని ప్రేమను దాంపత్యంతో పోల్చినా ఎవరికీ అర్థం కాదు. బైబిలు కవులు అందుకే ముందు మనుషుల ప్రేమను సంకోచం లేకుండా, గౌరవంతో పాడారు.