పాత కంప్యూటరునకు తెలుగు వాకిలి

మణుగూరు అనగానే మనకు సింగరేణి బొగ్గు గనులును, భారజల కర్మాగారమును జ్ఞప్తికి వచ్చును. ఆ కర్మాగారము పని ప్రారంభించిన 1991వ సంవత్సరముననే ఫిన్లాండు దేశములో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్సును లోకమునకు వెల్లడించెను. కంప్యూటరును నడిపించు ఆపరేటింగ్ సిస్టమునకు ఇది గుండెకాయ వంటిది. ఎవరైనను పొంది, మార్చుకొని, పదుగురికి పంచిపెట్టవచ్చును గనుక, కొత్త యంత్రము కొనలేనివారికి ఇది ఆశ కల్పించినది.

అయితే దానిని యంత్రములో నెలకొల్పుటయే ఆ దినములలో పెద్ద తపస్సు. ఫ్లాపీలను ఒకదాని వెంట నొకటి పెట్టుచు, హార్డ్ డిస్కును స్వయముగా విభజించుచు, ఆంగ్లములో అడుగు ప్రశ్నలకు బదులీయవలసియుండెను. ఏమరుపాటున ఒక్క మాట తప్పినచో పాత దస్త్రములన్నియు గంగపాలగును.

1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ ఈ బాధను తగ్గించినది. 2005 జూన్‌లో వెలువడిన ‘సార్జ్’లోని కొత్త ఇన్‌స్టాలరు యంత్రభాగములను తానే గుర్తింపసాగెను. 2007లో ‘ఎచ్’ దానికి మౌసుతో నడపదగిన చిత్రరూపమును చేర్చినది. 2011 ఫిబ్రవరిలో ‘స్క్వీజ్’తో కన్నడ, సింహళముల సరసన మన తెలుగును ఆ చిత్రరూపములో చోటు సంపాదించినది. అప్పటికి ఇన్‌స్టాలరు పలుకు భాషలు 70.

ఇచటనే చిక్కు కలదు. అక్షరములను మాత్రమే చూపు సాదా తెరపై ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరము నిలుచును. మన గుణింతములు, ఒత్తులు ఆ గళ్లలో ఇమడవు. అందుచే తెలుగు చిత్రరూపమునకే పరిమితమైనది. దానికి మెమరీ హెచ్చుగా కావలెను. మెమరీ చాలనిచో ఇన్‌స్టాలరు అనువాదములను విడిచి ఆంగ్లముననే సాగును. అనగా ఆంగ్లము రానివాని చేతనున్న పాత యంత్రమే వానితో ఆంగ్లమున మాటాడును!

హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు డెబియన్ ఆధారముగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించి ఈ దూరమును తగ్గింప యత్నించిరి. కాని కాలము ఆగదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 పాత 32 బిట్ల యంత్రములకు ఇన్‌స్టాలరును విరమించినది. అదే ఏట అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. నిక్షేపమువంటి యంత్రములెన్నో మూలబడనున్నవి.

వానిని పారవేయుటకు ముందు మనము ఒకింత ఆలోచింతము. తెలిసినవారొకరు పెన్ డ్రైవు సిద్ధపరచి, దస్త్రములకు నకలు తీసి, ప్రక్కన కూర్చున్నచో చాలును. గని కార్మికుని యింట ఒక బాలిక తెలుగు తెరపై తన పేరు తానే వ్రాసికొనగలదు.