రేలీ ముందుకు పంపిన లేఖ

1862లో జన్మించిన ఆగ్నెస్ పోకెల్స్ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరమున తల్లిదండ్రులకు పరిచర్య చేయుచు గృహకృత్యములలో కాలము గడిపెను. అప్పటికచట విశ్వవిద్యాలయములు స్త్రీలకు తలుపు తెరువలేదు. భౌతికశాస్త్రము చదివిన తమ్ముడు పంపిన గ్రంథములే ఆమెకు గురువులు.

ఆమె నీటితొట్టిపై రేకుబద్దను జరుపుచు, జిడ్డుపొరను ఇరుకుచేసి, నీటి తలతన్యత యెట్లు మారునో కొలిచెను. స్వదేశమున ఆదరణ కరవై, 1891 జనవరిలో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి లేఖ వ్రాసెను. ఆయన దానిని మూలకు బెట్టలేదు. తన పేర ప్రకటించుకొనలేదు. ఆంగ్లానువాదమును సిఫారసుతో నేచర్ పత్రికకు పంపగా, మార్చిలో అది ఆమె పేరనే వెలువడెను.

ఆ తొట్టినే మెరుగుపరచి వాడిన లాంగ్మ్యూర్‌కు ఉపరితల రసాయన పరిశోధనలకై 1932లో నోబెల్ బహుమానము లభించెను. ఆ యేడే, డెబ్బదవయేట, పోకెల్సుకు బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయము గౌరవ డాక్టరేటు నొసగెను. ప్రతిభ యెచటనైనను పుట్టవచ్చును. చేతికందిన కాగితమును న్యాయముగా ముందుకు పంపువారు కావలెను.