బహిరంగ కార్యక్రమాల శబ్ద నియంత్రణ (భారతదేశం)

బహిరంగ సభలు, ఉత్సవాలు, ఊరేగింపుల్లో లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని అనుమతులకూ శబ్ద పరిమితులకూ లోబరిచే చట్టబద్ధ వ్యవస్థ. పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 కింద 2000 ఫిబ్రవరి 14న ప్రకటించిన శబ్ద కాలుష్య నియమాలు దీనికి ఆధారం. లౌడ్‌స్పీకర్ వాడకానికి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. హైదరాబాద్‌లో వినాయక మండపాలకు దీన్ని పోలీసులు ఇస్తారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకం నిషిద్ధం. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. 2005 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించింది. నివాస ప్రాంతాల్లో ప్రమాణం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. కార్యక్రమ స్థలం సరిహద్దు వద్ద ధ్వని ఆ ప్రాంత ప్రమాణంకన్నా 10 డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75 డెసిబెల్స్, ఈ రెండింటిలో తక్కువదాన్ని దాటరాదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల పరిధిని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు.