హ్యాండిల్ గ్రిప్పు

మోటారు సైకిలు హ్యాండిలు రెండు చివరల, నడిపేవారు చేతులతో పట్టుకొనే చోట తొడిగే రబ్బరు తొడుగును హ్యాండిల్ గ్రిప్పు అంటారు. రెండు గ్రిప్పులూ చూడటానికి ఒకేలా ఉన్నా వాటి పని ఒకటి కాదు. ఎడమ గ్రిప్పు హ్యాండిలును అంటిపెట్టుకొని కదలకుండా ఉంటుంది. కుడి గ్రిప్పు యాక్సిలరేటరు గొట్టంపై ఉండి, దానితో పాటు తిరుగుతూ ఇంజను వేగాన్ని నియంత్రిస్తుంది. గ్రిప్పులు మార్చడం అలంకరణ వంటి చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, కుడివైపున అది వాహనాన్ని నియంత్రించే భాగంపై చేసే మరమ్మతు.

పిడిని తిప్పి వేగాన్ని నియంత్రించే పద్ధతి పెట్రోలు మోటారు సైకిలు కంటే పాతది. అమెరికాకు చెందిన సిల్వెస్టర్ రోపర్ 1860ల చివరలో తయారుచేసిన ఆవిరి ద్విచక్ర వాహనంలో హ్యాండిలును తిప్పి ఆవిరిని వదిలేవారు. భారతదేశంలో పాత బజాజ్ చేతక్ స్కూటర్లలో ఎడమ పిడి కూడా తిరిగేది. క్లచ్ పట్టి దానిని తిప్పితే గేరు మారేది. అటువంటి స్కూటరులో ఎడమ గ్రిప్పు వదులైతే చేయి తిరుగుతుంది గానీ గేరు పడదు.

కొలతలు

భారతదేశంలోను, జపానులోను తయారయ్యే చాలా మోటారు సైకిళ్ళలో హ్యాండిలు చివరల బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో 7/8 వంతు. హార్లే డేవిడ్‌సన్ వంటి క్రూజరు వాహనాలలో ఇది 1 అంగుళం (25.4 మి.మీ.) ఉంటుంది. కొన్ని హ్యాండిళ్ళు మధ్యలో 28 మి.మీ. లావున్నప్పటికీ చేతితో పట్టుకొనే చోటికి వచ్చేసరికి 22 మి.మీ.కు సన్నబడతాయి. కాబట్టి కొలతను చివరనే తీసుకోవాలి.

కుడివైపు హ్యాండిలుపై ముందుగా ప్లాస్టిక్ యాక్సిలరేటరు గొట్టం ఉంటుంది. అందువలన కుడి గ్రిప్పు లోపలి రంధ్రం ఎడమదాని కంటే కొన్ని మిల్లీమీటర్లు పెద్దది. బయటి లావు సమానంగా ఉండటానికి ఎడమ గ్రిప్పు గోడను మందంగా చేస్తారు. జతలో ఒకటి వదులుగా, మరొకటి ఎక్కకుండా ఉన్నదంటే అవి తారుమారైనట్లే. కొన్ని కంపెనీల యాక్సిలరేటరు గొట్టాలపై గాడులు, గట్లు ఉంటాయి. వాటిపై బయట దొరికే అన్ని గ్రిప్పులూ సరిగా కూర్చోవు. హ్యాండిలు చివర బార్ ఎండ్ అని పిలిచే ఇనుప దిమ్మలున్న వాహనానికి చివర తెరచి ఉన్న గ్రిప్పునే కొనాలి.

చేతుల తిమ్మిరి

గ్రిప్పులు మార్చడానికి ఎక్కువమంది చెప్పే కారణం చేతుల తిమ్మిరి. ఒకే సిలిండరు గల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే హ్యాండిలుకు సెకనుకు 50 కంపనాలు చేరుతాయి. మెత్తని పొర సన్నని, వేగవంతమైన కంపనాలను బాగా తగ్గిస్తుంది. నెమ్మదైన పెద్ద కంపనాలపై దాని ప్రభావం తక్కువ. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు ఎంత మెత్తని గ్రిప్పు వేసినా ఆశించినంత ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆ కంపెనీ 2020లో మీటియర్ 350తో మొదలుపెట్టిన కొత్త ఇంజనులో కంపనాలను సరితూచే ఇరుసును అమర్చింది. కంపనాన్ని పుట్టినచోటే తగ్గించడం గ్రిప్పు చేయలేని పని. బార్ ఎండ్ దిమ్మలు కూడా తమ బరువుతో హ్యాండిలు కంపనాన్ని కొంత అణచుతాయి. అందం కోసం వాటిని తీసివేసేవారు ఈ సంగతి గమనించరు.

దీర్ఘకాలం కంపనాలకు లోనైతే వేళ్ళలోని రక్తనాళాలు, నాడులు దెబ్బతినవచ్చు. ఐరోపా సమాజం 2002లో చేసిన ఆదేశం ప్రకారం, పనివారి చేతులకు 8 గంటల సగటున సోకే కంపనం 2.5 మీ/సె² దాటితే యజమాని నివారణ చర్యలు తీసుకోవాలి. 5 మీ/సె² దానికి గరిష్ఠ పరిమితి. వాహనంపై రోజంతా తిరిగి సరుకులు అందించేవారికి ఇది పట్టించుకోదగిన విషయం.

తిమ్మిరి ఏ వేళ్ళకు వస్తున్నదో చూడటం ఉపయోగకరం. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారితే సాధారణంగా అరచేతి అంచున అల్నార్ నాడి నొక్కుకుపోతున్నట్లు. బొటన, చూపుడు, మధ్య వేళ్ళకు వస్తే మణికట్టు వద్ద మీడియన్ నాడిపై ఒత్తిడి పడుతుండవచ్చు. రెండవ సందర్భంలో కొత్త గ్రిప్పుల కంటే బ్రేకు, క్లచ్ లివర్ల కోణం సరిచేయడం ముఖ్యం. ముంజేయి, మణికట్టు, వేళ్ళు ఒకే వరుసలో ఉండేలా లివర్లను తిప్పి బిగించాలి. వాహనం నడపనప్పుడు కూడా తిమ్మిరి ఉంటే వైద్యుని సంప్రదించాలి.

లావు కూడా మెత్తదనమంత ముఖ్యమే. మరీ సన్నని గ్రిప్పును చేయి బిగించి పట్టుకోవలసి వస్తుంది. మరీ లావైతే ముంజేయి కండరాలు అలసిపోతాయి, చిన్న చేతులవారికి బ్రేకు లివరు అందదు. పాత గ్రిప్పుపైనే స్పాంజి తొడుగు వేసుకొనేవారు చాలామంది ఉన్నారు. ఆ తొడుగు కుడివైపున జారితే యాక్సిలరేటరు తిరగకుండా అది మాత్రమే తిరుగుతుంది.

పదార్థం

సాధారణ రబ్బరు మన్నిక, పట్టు రెండింటికీ సరిపోతుంది. స్పాంజి గ్రిప్పులు తేలికైనవి, మెత్తనివి, అయితే వానలో నీరు పీల్చుకుంటాయి, త్వరగా చిరుగుతాయి. జెల్ పొర గలవి కొంత లావుగా ఉంటాయి. చవక పి.వి.సి. గ్రిప్పుల నుండి వాటిని మెత్తగా ఉంచే రసాయనం క్రమంగా బయటకు వస్తుంది. అందుకే తెలుగునాట వేసవిలో ఎండలో నిలిపిన బండి పిడి చేతికి జిగురుగా అంటుకుంటుంది. ఈ దశకు వచ్చినదాన్ని కడిగి లాభం లేదు.

అమర్చే విధానం

పాత గ్రిప్పును మళ్ళీ వాడనక్కరలేకపోతే నిలువునా కోసి తీయవచ్చు. కుడివైపున కత్తి లోతుగా దిగితే ప్లాస్టిక్ గొట్టం తెగుతుంది. ఉంచుకోదలచినవారు అంచు కింద సబ్బునీరు ఎక్కించి మెలితిప్పుతూ లాగాలి. హ్యాండిలుపై మిగిలిన పాత జిగురు, తుప్పు పూర్తిగా గీకి, స్పిరిటుతో తుడిచి ఆరబెట్టాలి. నూనె, గ్రీజు రాసి గ్రిప్పును ఎక్కించరాదు. ఎక్కడం సులభమవుతుంది గానీ అది ఎప్పటికీ నిలవదు. పెట్రోలుతో రబ్బరు ఉబ్బడమే కాక నిప్పు ప్రమాదం కూడా ఉన్నది.

గ్రిప్పు లోపల జిగురు రాసి, ఆరకముందే ఒకే ఊపులో మెలితిప్పుతూ ఎక్కించాలి. మధ్యలో ఆగితే అక్కడే అతుక్కుపోతుంది. జిగురు పూర్తిగా ఆరే వరకు, సాధారణంగా ఒక రాత్రి, బండి నడపరాదు. పందెపు వాహనాలలో జిగురుతో పాటు గ్రిప్పు గాడులలో సన్నని తీగ చుట్టి మెలిపెడతారు.

కుడి గ్రిప్పు లోపలి అంచుకూ స్విచ్చుల పెట్టెకూ మధ్య, బయటి అంచుకూ బార్ ఎండ్‌కూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు తప్పనిసరి. సందు లేకపోతే రాపిడి వలన యాక్సిలరేటరు తెరుచుకొనే నిలిచిపోవచ్చు. ఇంజను ఆపి, హ్యాండిలును పూర్తిగా ఎడమకు, మధ్యకు, కుడికి తిప్పి, ప్రతిచోటా యాక్సిలరేటరును పూర్తిగా తెరచి వదలాలి. అది తనంతట తాను వెంటనే వెనక్కు రావాలి. తరువాత ఇంజను నడుస్తుండగా, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిలును రెండు వైపులా తిప్పాలి. ఇంజను వేగం పెరిగితే తీగ బిగుతుగా ఉన్నట్లు. చాలా వాహనాలలో గ్రిప్పు అంచు వద్ద సుమారు 2 నుండి 6 మి.మీ. ఖాళీ ఆట ఉండాలి. ఖచ్చితమైన కొలత వాహనపు పుస్తకంలో ఉంటుంది. తీగ లేకుండా విద్యుత్ సంకేతంతో పనిచేసే కొత్త యాక్సిలరేటర్లకు కూడా పిడి వెనక్కు రావడమనే పరీక్ష వర్తిస్తుంది.

వేడినిచ్చే విద్యుత్ గ్రిప్పులు చలి ప్రాంతాలలో వాడుకలో ఉన్నాయి. వీటి కుడి గ్రిప్పు తీగ యాక్సిలరేటరుతో పాటు కదులుతుంది కనుక దానికి తగినంత వదులు ఉంచి, లివరుకు గానీ పెట్టెకు గానీ చిక్కుకోకుండా కట్టాలి.