కుళ్ళే దుంగకు రెండువందల ఏళ్ళ లెక్క

“మాగిపోయిన అడవి”, “కాలం చెల్లిన అడవి”: అమెరికా పడమటి తీరంలో నాలుగైదువందల ఏళ్ళ డగ్లస్ ఫర్ మానులున్న అడవులను అటవీ నిపుణులు చాలాకాలం దాదాపు ఇలాగే పిలిచారు. కలప వ్యాపారి కళ్ళతో చూస్తే అందులో పెద్ద తప్పేమీ లేదు. ముసలి చెట్టు ఎంత పెరుగుతుందో అంత లోపల పుచ్చిపోతుంది. నరికి కొత్త మొక్క నాటితే లాభం. 1969లో యూజీన్ ఓడమ్ సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ ఆలోచనకు పరోక్షంగా బలమిచ్చింది. అడవి ముదిరేకొద్దీ అది సంపాదించిందంతా దాని శ్వాసకే ఖర్చైపోయి, నికరంగా మిగిలేది సున్నకు చేరువవుతుందని దాని సారాంశం.

ఆరెగన్‌లోని హెచ్. జె. ఆండ్రూస్ ప్రయోగాత్మక అడవి 1948లో ఏర్పడింది. ముదురు అడవిని ఎలా నరకాలి, దారులు ఎలా వెయ్యాలి అన్నవే అక్కడి తొలి ప్రశ్నలు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు కొలవడం మొదలెట్టారు. పని చూడ్డానికి చాలా మామూలుది. చెట్టుకు నంబరు బిళ్ళ కొట్టి, నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి, కొన్నేళ్ళకు మళ్ళీ వచ్చి అదే చోట చుట్టాలి. పెరిగిన చుట్టుకొలత నుంచి బరువు కట్టాలంటే అంతకుముందు నరికి తూచిన చెట్ల సమీకరణాలు కావాలి. ఎండు బరువులో సుమారు సగం కర్బనం.

మరి పడిపోయిన చెట్టు సంగతి? నాకు అన్నిటికన్నా నచ్చిన కథ ఇక్కడుంది. 1985లో మార్క్ హార్మన్ నాలుగు జాతుల దుంగలను, ఐదువందలకు పైగా, అడవిలో ఆరుచోట్ల పరిచి అవి కుళ్ళే తీరు గమనించడం మొదలుపెట్టాడు. ప్రయోగం గడువు 200 ఏళ్ళు, అంటే 2185 దాకా. మనవల కోసం చింతమొక్క నాటినవాళ్ళను ఎరుగుదుం గానీ, మునిమనవల మునిమనవల కోసం దుంగలు కుళ్ళబెట్టినవారి గురించి నేనింకెక్కడా చదవలేదు!

1990లో అక్కడి మచ్చల గుడ్లగూబను ప్రమాదంలో ఉన్న జీవిగా ప్రకటించారు. నరకడం మీద పెద్ద రగడ. లేతచెట్లు కర్బనాన్ని వేగంగా పీల్చుకుంటాయి కాబట్టి ముసలివాటిని నరకడమే మేలన్న వాదన కూడా వినబడుతున్న రోజులవి. ఆ ఏడే హార్మన్, ఫెరెల్, ఫ్రాంక్లిన్ లెక్క కట్టి చూపించారు: ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల పడమటి భాగంలో అంతకుముందు వందేళ్ళలో 50 లక్షల హెక్టార్ల పాత అడవి లేత అడవిగా మారినందువల్ల 150 నుంచి 180 కోట్ల టన్నుల కర్బనం గాలిలో కలిసింది. వాళ్ళు పట్టుకున్నది జీతానికీ ఆస్తికీ ఉన్న తేడా. కొత్త ఉద్యోగంలో జీతం ఎక్కువని ఉన్న ఇల్లు తగలబెట్టుకుంటామా?

అలాగని ఓడమ్‌ను కొట్టిపారేయలేం. 1995లో వాషింగ్టన్‌లోని విండ్ రివర్ అడవిలో ఒక నిర్మాణపు క్రేన్ నిలబెట్టి, చెట్ల తలలపైన గాలిలోనే కర్బనం రాకపోకలు కొలిచారు. కొన్నేళ్ళు అడవి పీల్చుకుంది, కొన్నేళ్ళు బయటికి వదిలింది. 2008లో నేచర్ పత్రికలో లూసార్ట్ బృందం 519 చోట్ల కొలతలు కూర్చి, పాత అడవులు ఇంకా కూడబెడుతూనే ఉన్నాయంది. 2021లో అదే పత్రికలో, ఆ అంకె మరీ ఎక్కువని మరో బృందం అభ్యంతరం చెప్పింది.

2023 ఆగస్టులో పిడుగుపాటుకు పుట్టిన మంట ఆండ్రూస్ అడవిలో చాలాభాగం మీదుగా పోయింది. కాలిన మాను లెక్కలోంచి పోదు, బతికినవాటి పద్దులోంచి మోళ్ళ పద్దులోకి మారుతుంది. దాన్ని మళ్ళీ మొదట్నుంచీ కొలవాలి.