పాతబస్తీ విద్యుత్ తీగలు: స్తంభం నుంచి భూగర్భానికి

నగర చరిత్రను కోటలు, కట్టడాల ద్వారానే కాక తీగలు, గొట్టాలు, కాలువల ద్వారా కూడా అధ్యయనం చేయవచ్చు. హైదరాబాద్ విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చాలన్న ఆలోచన ఎందుకు బలపడిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

నేపథ్యం

చార్మినార్ నిర్మాణం 1591లో జరిగింది. దాని చుట్టూ పెరిగిన గల్లీలు పాదచారులకు, గుర్రాలకు, పల్లకీలకు సరిపోయేవి. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం ఏర్పడింది. అప్పటికే నగరం వయస్సు మూడు శతాబ్దాలు దాటింది. అందువల్ల కొత్త తీగ పాత గల్లీలో ఇరుక్కోవలసి వచ్చింది. తరువాతి కాలంలో టెలిఫోన్, కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగలు కూడా అవే స్తంభాలను ఆశ్రయించాయి.

ప్రపంచ అనుభవం

1888 మార్చి మంచు తుఫానులో తీగలు తెగిపడిన తరువాత న్యూయార్క్ నగరం వాటిని భూమిలోకి మార్చే పనిని వేగిరపరచింది. కాలిఫోర్నియాలో 2018 నవంబరు 8న అరిగిన ఒక కొక్కెం విరిగి, విద్యుత్ లైను నుంచి కార్చిచ్చు రేగింది. 85 మంది మరణించారు. ఆ లైను యజమాని అయిన పీజీ అండ్ ఈ సంస్థ 2021లో 10,000 మైళ్ల లైన్లను భూగర్భంలోకి మారుస్తామని ప్రకటించింది. అక్కడ ఎండిన అడవి ఇంధనమైతే, ఇక్కడ కిక్కిరిసిన బజారే ఇంధనం.

2025 సంఘటనలు

2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికంగా భావించారు. అదే ఏడాది ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి విద్యుత్ సోకి అయిదుగురు చనిపోయారు. దీనితో భూగర్భ కేబుళ్ల ప్రతిపాదనకు ఊపు వచ్చింది.

సమీక్ష

ఈ రెండు సంఘటనలను ఒకే గాటన కట్టరాదు. రెండవది వీధి తీగల సమస్య. మొదటిది ఇంటి లోపలి ప్రమాదం. వీధి కేబుల్‌ను పూడ్చినా లోపలి పాత వైరింగు, ఇరుకు ద్వారం అలాగే ఉంటాయి. పైగా భూగర్భ కేబుల్ ఖర్చుతో కూడినది. లోపం ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. మంచినీటి, మురుగు గొట్టాల కోసం తవ్వేవారు దానిని తెంపే అవకాశమూ ఉంది. కనుక తీగలను పూడ్చడం అవసరమే కాని, అది ఒక్కటే చాలదు. ఇంటి మీటరుకు ఇవతల ప్రభుత్వం, అవతల యజమాని బాధ్యత వహించినప్పుడే ప్రాణాలు దక్కుతాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

మీ ఊరికి విద్యుత్తు వచ్చినప్పుడు వీధుల రూపం ఎలా మారిందో పెద్దలను అడిగి పది వాక్యాలలో రాయండి.